పంటి సంగతి

మార్చి 4

చంటీ,

ఈ గిలుకుడు చూసి కంగారుపడకు. ఎడమ చేతికి సూది ఉంది, కాగితం కదలకుండా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. అందుకే ఒక్కో పంక్తి ఒక్కో దిక్కుకి పోతోంది. ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ అచ్చుతప్పులన్నీ దిద్దినదాన్ని, ఇలాంటి కాగితం నా చేతిలోంచి వెళ్తోందంటే నాకెలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

నేను ఆస్పత్రిలో ఉన్నాను. వారమైంది. మీ బావ నీకు ఫోన్ చేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఆయన చెప్తే సగం మింగేస్తాడు, ఆ మింగినదాన్ని తలుచుకుని నువ్వు బెంబేలెత్తిపోతావు. నేను ఫోన్ చెయ్యడానికి కుదరదు. ఫోను నర్సుల బల్లమీద ఉంది, నన్ను ఈ గది గడప దాటనివ్వరు.

జనవరి ఆఖరునుంచీ ఒంట్లో బాగాలేదు. ప్రెస్సు మెట్లు పదమూడే, మధ్యలో రెండుసార్లు ఆగేదాన్ని. జ్వరం చూస్తే తొంభై తొమ్మిది, ఆపైన గీత కదలదు. వీధి చివర డాక్టరు ఫ్లూ అన్నాడు, తర్వాత వయసన్నాడు. నలభై ఏడుకే వయసేమిటని వాదించి ఇంటికొచ్చాను. ఒకరోజు ప్రూఫులు చూస్తుంటే వేళ్ళ చివర్లు సలుపు. గోళ్ళకింద సన్నటి ఎర్ర గీతలు, పుల్లలు గుచ్చుకున్నట్టు. మీ బావ ఆ గోళ్ళు చూసి చెప్పులేసుకున్నాడు.

ఇక్కడి డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, గుండెలో తలుపుల్లాంటి కవాటాలుంటాయట, వాటిలో ఒకదానిమీద సూక్ష్మజీవులు కాపురం పెట్టాయి. తెరమీద చూపించింది. తలుపు అంచుకి అంటుకుని చిన్న గుత్తి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతోంది. నీ కిడ్నీని నా ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా తొమ్మిదేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నానా, అవి ఒంట్లో కాపలావాళ్ళందరినీ నిద్రపుచ్చాయట. “మీకు రావలసినంత జ్వరం కూడా రాలేదు. వచ్చి ఉంటే నెలక్రితమే దొరికేది” అంది.

నాలుగు గంటలకోసారి మందు ఎక్కిస్తారు. ఆరు వారాలు. ఈ మూణ్ణెల్లలో దెబ్బలేమైనా తగిలాయా, సూదులు పొడిపించుకున్నారా, పళ్ళకేమైనా చేయించుకున్నారా అని గంటసేపు ఆరా తీసింది. చెప్పాల్సినవన్నీ చెప్పాను. రక్తం పరీక్షకి పంపారు, ఏ జీవో తేలాలి.

రోజుకి ఒక్క మనిషిని, మాస్కు కట్టించి, అరగంటసేపు రానిస్తారు. నువ్వొస్తే మీ బావ తన అరగంట నీకిస్తానన్నాడు. ఆదివారం వచ్చెయ్.

అక్క


మార్చి 8

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగుసార్లు చదివాను. ఇప్పుడెలా ఉంది? ఆయాసం తగ్గిందా?

ఈ ఆదివారం రాలేనక్కా. పని ఊపిరాడనివ్వడం లేదు. మా డాక్టరుగారి దగ్గర ఈ నెలలో పదకొండు పళ్ళసెట్లు ఒప్పుకున్నారు, చేసేది నేనొక్కణ్ణే. నిన్న ఒక రిటైరైన స్టేషన్ మాస్టరు వచ్చి, పై వరస పెట్టుకుంటే మాటకి మాటకి మధ్య ఈల వస్తోందన్నాడు. “నలభై ఏళ్ళు ఈల ఊది రిటైరయ్యాను బాబూ, ఇంక నాకొద్దు” అన్నాడు. ముందుపళ్ళ మధ్య సందు పూడ్చి పంపించాను. నిన్ను నవ్వించడానికే రాస్తున్నాను. నవ్వావా?

రక్తం పరీక్షలో ఏ జీవి అని తేలింది? పేరు రాయి. తప్పులేకుండా రాయి, నీకు చెప్పక్కర్లేదనుకో. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో డాక్టరమ్మ ఏమైనా అందా? చర్మం మీద ఉండేదా, పేగుల్లోదా, ఇంకెక్కడిదైనానా? తేలగానే రాయి. తేలకపోయినా, ఏమనుకుంటున్నారో అడిగి రాయి.

బావ వేళకి తింటున్నాడా?

చంటి


మార్చి 13

చంటీ,

నీకు సూక్ష్మజీవుల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందిరా? ఒక్క కాగితంలో దాని గురించి ఐదు ప్రశ్నలు, నా గురించి రెండు. దాని పేరు తెలుసుకుని నామకరణం చేస్తావా?

గదిలో ఒకటే కిటికీ. అది తెరుచుకోదు. అవతల మూరెడు దూరంలో ఇంకో గోడ, గోడనిండా పైపులు. మూడోది కారుతుంది. కారిన చోట నాచు పట్టింది. ఈ గదిలో నాకు కనిపించే పచ్చదనం అదే. లోపల నేలమీద పొడుగునా పదకొండు పలకలు, అడ్డంగా తొమ్మిది. తలుపు సగం అద్దం. అద్దంలోంచి జనం నన్ను చూస్తూ పోతారు, చేపలతొట్టి చూసినట్టు. రోజులు ఎలా గడుస్తున్నాయంటే, మందు సీసా ఖాళీ అవుతుంది, ఇంకోటి తగిలిస్తారు. అంతే. తలుపుకి అంటించిన కాగితంలో “సందర్శకులు చేతులు కడుగుకొని రావలెను” అనాల్సింది “సందర్శకుల చేతులు కడుగుకొని రావలెను” అని వేశారు. ఎవరి చేతులు ఎవరు కడగాలి? దిద్దనివ్వమని పెద్ద నర్సుని రోజూ అడుగుతున్నాను. ఆవిడ నవ్వి, “దాన్ని ముట్టుకుంటే మళ్ళీ మీ చేతులు కడగాలమ్మా” అంటుంది.

అసలు సంగతికొస్తాను. మందులు పనిచేస్తున్నాయిగానీ చాలినంత కాదట. ఒంట్లో కాపలావాళ్ళు లేవాలంటే నా మాత్రలు బాగా తగ్గించాలని డాక్టరమ్మ అంటోంది. ఆ గుత్తి ఇంకా పెరిగితే కవాటమే మార్చాలట. ఏది చేసినా కిడ్నీ నిలబడుతుందని హామీ ఇవ్వలేనంది. నేను వద్దన్నాను. మాత్రలు తగ్గించొద్దు, ఆపరేషనూ వద్దు, ఈ మందుతోనే చూడండన్నాను. మీ బావ నాతో రెండురోజులు మాట్లాడలేదు. వచ్చి, అరగంటా కుర్చీలో కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు.

ఇంకొకటి. సోమవారం మీ బావ నిన్ను ఆస్పత్రి గేటు దగ్గర చూశాడట. సంచీ భుజానేసుకుని నిలబడ్డావట. ఆయన రోడ్డు దాటి వచ్చేలోపు వెనక్కి తిరిగి బస్సెక్కావట. ఆయనకి ఈమధ్య చూపు సరిగ్గా ఆనడంలేదు, ఇంకెవరినో చూసి ఉంటాడన్నాను. అది నువ్వేనా?

అక్క


మార్చి 17

అక్కా,

నేనే. వచ్చాను. లోపలికి రాలేకపోయాను. కారణాలున్నాయి, ఉత్తరంలో రాసేవి కావు.

కిడ్నీ గురించి డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి. ఈ విషయంలో నన్ను ఎందుకు కలుపుతున్నావో తెలియడంలేదు. నేనేమైనా అడిగానా? తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట ఎత్తానా? ఇచ్చింది అక్కడితో అయిపోయింది. ఇప్పుడది ఉంటే ఎంత, పోతే ఎంత.

పరీక్ష సంగతి నువ్వు రాయలేదు. తేలలేదా, తేలినా చెప్పడంలేదా?

చంటి


మార్చి 20

చంటీ,

“ఉంటే ఎంత, పోతే ఎంత.” ఈ మాట రాసి కవరులో పెట్టి, బిళ్ళ అంటించి, డబ్బాలో వేసేదాకా నీకు చాలా సమయం ఉంది. అయినా పంపావు.

నాకు అర్థమైంది. గేటుదాకా వచ్చి వెనక్కి ఎందుకు పోయావో కూడా. మనిషికి రెండే ఉంటాయి, ఒకటి నాకిచ్చావు, నేను దాన్ని పాడుచేసుకుని మంచమెక్కాను. నీకు కడుపుమంటగా ఉంటుంది. ఉండాలి కూడా. తొమ్మిదేళ్ళుగా ఉప్పు వేసుకోకుండా, బరువెత్తకుండా, గంట తప్పకుండా మాత్రలు మింగుతూ దాన్ని ఎవరి కోసం కాపాడుకొచ్చానో నీకు తెలియదు. నీ ముందు చెడ్డపేరు రాకూడదని. అది పోయిందని నీతో చెప్పాల్సిన రోజు రాకూడదనే ఆపరేషన్ వద్దన్నాను. దానికి నువ్విచ్చిన విలువ ఇదీ.

కారణాలు ఉత్తరంలో రాసేవి కావన్నావు. అయితే రాయకు. నేనూ రాయను.

అక్క


మార్చి 25

చంటికి,

ఈ ఉత్తరం నా చేతిరాతలో ఉంది, మాటలు మీ అక్కవి. ఆవిడ చెప్తోంది, నేను రాస్తున్నాను. బావ.

చంటీ, రాయనని రాశాను, ఇప్పుడు నిజంగానే రాయలేకపోతున్నాను. నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే ప్రెస్సువాళ్ళు పంపిన ప్రూఫు ముందేసుకున్నాను. ప్రతి పంక్తిలోనూ మొదటి మాటలు లేవు. “పని” అని ఉంటే ఏ పనో తెలియదు, “వచ్చెను” అంటే ఎవరొచ్చారో లేదు. కంపోజింగువాళ్ళు మార్జిను కోసేశారని తిట్టుకున్నాను. నర్సు వచ్చి ఎడమవైపు నిలబడి పలకరిస్తే నాకు గొంతే వినిపించింది, మనిషి లేదు.

ఆ గుత్తిలోంచి చిన్న ముక్క తెగి తలకెక్కిందట. ఎడమవైపు చూపు సగం పోయింది. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మిగిలిన గుత్తి ఎప్పుడు తెగుతుందో చెప్పలేమంటున్నారు. ఎల్లుండి ఆపరేషన్‌కి బల్ల ఖాళీ ఉంచారు. నేను సంతకం పెట్టలేదు.

(ఇక్కడ నేను అడ్డొస్తున్నాను. ఎందుకు పెట్టలేదో చెప్పమంటే చెప్పడంలేదు. నిన్నంతా గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరమ్మ నాతో, “కిడ్నీ పోతే డయాలసిస్ మిషను మీద బతకొచ్చు, ఇంకో ముక్క తెగితే బతకడం ఉండదు” అంది. అదే నేను చెప్పాను. “నీకేం తెలుసు, అది నాది కాదు” అంది. — బావ)

ఆయన ఏం రాశాడో నాకు కనిపించడంలేదు. ఏదో కలిపాడని మాత్రం తెలుసు, పెన్ను చప్పుడు నేను చెప్పినదానికంటే ఎక్కువసేపు వినిపించింది.

పరీక్ష సంగతి అడిగావు. తేలి పది రోజులైంది. ఎదురుగా చెప్పాలని ఊరుకున్నాను. నువ్వు రాలేదు.

అక్క

(రేపు మా బడిలో నాతోపాటు పాఠాలు చెప్పే ఒకాయన మీ ఊరు బస్సులో వెళ్తున్నాడు, ఇది నీ చేతికిస్తాడు. వస్తావో రాస్తావో నీ ఇష్టం. ఏదో ఒకటి ఎల్లుండి లోపల చెయ్యి. — బావ)


మార్చి 26

అక్కా,

నీ ఉత్తరం తెచ్చినాయన రాత్రి బస్సుకి తిరిగొస్తున్నాడు, ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. బావ నీకు చదివి వినిపిస్తాడు. బావా, ఏ ముక్కా మింగొద్దు, ఉన్నదున్నట్టు చదువు.

జనవరిలో నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు కింది దవడ పన్ను నొప్పని బుగ్గ పట్టుకున్నావు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ నిన్ను మా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. నీ సంచీలో కిడ్నీ ఆస్పత్రివాళ్ళిచ్చిన కార్డుంది. పన్నయినా గోరయినా, ఏది కదిలించాలన్నా ముందు కిడ్నీ డాక్టరుని అడగాలని దానిమీద ఉంది. ఆ కార్డులు మీ ప్రెస్సులోనే వేశారు, ప్రూఫు దిద్దింది నువ్వే, నాకూ కంఠతా వచ్చు. పదహారేళ్ళుగా పళ్ళ మధ్యే బతుకుతున్నవాణ్ణి. పన్ను పీకితే నోట్లో ఉన్నవి రక్తంలోకి పోతాయని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

డాక్టరుగారికి చెప్దామని నోరు తెరిచాను. లోపలినుంచి పనికుర్రాడు కేకేశాడు, పళ్ళసెట్టుకి పోసిన అచ్చు గట్టిపడిపోతోందని. ఒక్క నిమిషంలో వస్తానని వెళ్ళాను. అచ్చు సరిచేసి వచ్చేసరికి నువ్వు దూది కొరికిపెట్టుకుని కుర్చీలోంచి లేస్తున్నావు. “అయిపోయిందిరా, చీమ కుట్టినట్టు కూడా లేదు” అన్నావు. అప్పుడైనా చెప్పొచ్చు. మందులైనా రాయించొచ్చు. నీ మొహం హాయిగా ఉంది, ఇప్పుడు కదిపితే కంగారుపడతావనుకున్నాను. రెండురోజులు చూశాను, నీకేమీ కాలేదు. మర్చిపోయాను. అక్కా, నేను మర్చిపోయాను.

నీ మొదటి ఉత్తరంలో పళ్ళ గురించి అడిగారని రాశావు చూడు, ఆ పంక్తి దగ్గరే ఆగిపోయాను. జీవి పేరు అందుకే అడిగాను. పేగుల్లోదనో చర్మం మీదిదనో నువ్వు రాస్తే బతికిపోయేవాణ్ణి. సోమవారం గేటుదాకా వచ్చాను. చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, నీ పక్కన కూర్చుని, ఏమని పలకరించను? ఎలా ఉన్నావనా? ఇక్కడ పనిలోనూ కుదురు లేదు. ఎవరు నోరు తెరిచినా నీ నోరే కనిపిస్తోంది. ఈ పనిగదిలోంచి బయటికిపోదామంటే ఎక్కడికి పోయినా ఇదే గదిలా ఉంది.

కిడ్నీ ఉంటే ఎంత పోతే ఎంత అని రాసింది నిజం. నాకు నువ్వు కావాలి. దాన్ని నీకిచ్చింది నువ్వు బతకాలని, నువ్వు దానికి కాపలా ఉండాలని కాదు. అది పోతే నేను ఏడవను. నా పొట్టమీద గీత ఉంది, అది చాలు నాకు. దాని కోసం నువ్వు పోతే మాత్రం, ఒకసారి నిర్లక్ష్యంతో చంపినవాణ్ణి రెండోసారి ఒంట్లోని ముక్కతో చంపినవాణ్ణవుతాను.

సంతకం పెట్టక్కా. ఆ తర్వాత నన్ను జన్మలో పలకరించకపోయినా సరే.

చంటి


ఏప్రిల్ 19

చంటీ,

ఇది నేనే రాస్తున్నాను. కాగితం కుడివైపుకి జరుపుకుంటే మాటలన్నీ కనిపిస్తున్నాయి. ఎడమ అంచున ఎర్ర సిరాతో గీత గీసి పెట్టాడు మీ బావ, ఆ గీత కనిపించేదాకా తల తిప్పాలి. బడిపిల్లలకి గీతలు గీసే అలవాటు ఇలా పనికొచ్చింది. నాలుగు పంక్తులు రాసి గంట పడుకుంటున్నాను, అందుకని ఇది మూడురోజుల ఉత్తరం.

కవాటం మార్చారు. ఛాతీ మధ్యలో కుట్లు. దగ్గాలంటే దిండు గుండెకి అదుముకోవాలి. గుత్తి పోయింది, జ్వరం లేదు. ఇంకో మూడు వారాలు మందు ఎక్కాలి. అదే గది, అవే పైపులు.

నీ కిడ్నీ పోయిందిరా. ఆపరేషనైన నాలుగోరోజుకి ఒంట్లోంచి నీరు పోవడం ఆగిపోయింది. వారం చూశారు. మళ్ళీ మిషను. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, చెయ్యి కదపకుండా. తొమ్మిదేళ్ళ క్రితం ఎక్కడ వదిలి వచ్చానో మళ్ళీ అక్కడే, అదే రకం కుర్చీ. ఏడవనన్నావు. నేను ఏడ్చాను. పెద్ద నర్సు వచ్చి పక్కన కూర్చుంది.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను. నీ ఉత్తరం మీ బావ చదువుతుంటే సగంలో ఆపమన్నాను. ఆయన ఆపలేదు, నువ్వు మింగొద్దన్నావుగా. అంతా అయ్యాక సంతకం పెట్టాను. నీ మాట విని కాదు, సిగ్గేసి.

ఆ రోజు నువ్వు లోపలికి వెళ్ళాక మీ డాక్టరుగారు నన్ను అడిగారు. మంచి మనిషి, పద్ధతిగా అడిగారు. “ఏమైనా జబ్బులున్నాయా అమ్మా, మందులేమైనా వాడుతున్నారా?” అని. లేవన్నాను. “ఆపరేషన్లేమైనా?” అన్నారు. లేవన్నాను. కార్డు ఒళ్ళో ఉన్న సంచీలోనే ఉంది, దానిమీద చెయ్యేసుకునే చెప్పాను.

ఎందుకన్నానో ఈ ఏడు వారాలూ ఆలోచించాను. ఏ కుర్చీలో కూర్చున్నా ముందు నా చరిత్రంతా చెప్పాలి. చెప్పగానే ఎదుటిమనిషి మొహం మారుతుంది, గొంతు తగ్గుతుంది, చేతులు భయంభయంగా కదులుతాయి. ఆరోజు ఆయన మామూలుగా చూశారు. పన్ను నొప్పి తప్ప ఇంకేమీ లేని మనిషిని చూసినట్టు. పావుగంట అలా ఉండనిద్దామనిపించింది. అంతే. ఇంకే కారణమూ లేదు.

పరీక్షలో తేలింది నోట్లో ఉండే జీవే. డాక్టరమ్మకి మొదటిరోజే నిజం చెప్పేశాను. “ఆ పన్ను ముందే కుళ్ళి ఉంది. పీకినప్పుడే ఎక్కిందో, పీకకముందే ఎక్కిందో ఎవరూ చెప్పలేరు” అంది. నేను ఆ మాట పట్టుకుని వేలాడలేదు, నువ్వూ వేలాడకు. నీకు ఎదురుగా చెప్పాలని దాచాను. నువ్వు రాకపోయేసరికి, మీ డాక్టరుగారు నా అబద్ధం నీతో చెప్పేసి ఉంటారని, అందుకే నీకు నా మొహం చూడబుద్ధి కావడంలేదని అనుకున్నాను. నువ్వు జీవి పేరు అడిగిన ప్రతిసారీ నన్ను నిలదీస్తున్నావనుకున్నాను. అందుకే వెటకారం చేశాను. అందుకే కిడ్నీ పోకూడదని మొండికేశాను, ఒక్క అబద్ధంతో నీది పోగొట్టానని నీచేత అనిపించుకోకూడదని.

తిట్టాలనుంటే తిట్టు. ఏం రాసినా చదువుతాను. తల తిప్పి, మొదటి మాటతో సహా.

అక్క


ఏప్రిల్ 25

అక్కా,

నీ ఉత్తరం అందగానే మొదట ఊపిరి వదిలాను. నెలన్నరగా లోపల ఇరుక్కున్నది కాస్త సర్దుకున్నట్టయింది. దానికే సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. పావుగంట మామూలు మనిషిలా ఉండాలనిపిస్తే నాతో అనొచ్చుగా? నిన్ను ఊరంతా తిప్పేవాణ్ణి, ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు. కుర్చీలోనే దొరికిందా నీకు? రెండురోజులైంది, కోపం పోలేదు. ఆరోజు నేను ఆ అచ్చు దగ్గరికి వెళ్ళకుండా ఉండాల్సిందన్న మాట కూడా పోలేదు. రెండూ ఉన్నాయి, ఒకదాన్ని ఇంకోటి కొట్టెయ్యడంలేదు.

మా డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన పదిహేను రోజులు సెలవిచ్చారు, నేను అడక్కుండానే.

తిట్లు ఉత్తరంలో రాద్దామని నాలుగు కాగితాలు పాడుచేశాను. కుదరలేదు. నీ మొహం చూస్తూ తిట్టాలి. గురువారం పొద్దుటి బస్సుకి బయల్దేరుతున్నాను. గురువారం నీకు మిషను ఉందో లేదో తెలియదు, ఉంటే పెద్ద నర్సుని బతిమాలుకుని ఆ నాలుగు గంటలూ పక్కనే కూర్చుంటాను. నువ్వు ఎటూ కదల్లేవు, పూర్తిగా వినాల్సిందే. బావని తన అరగంట నాకిమ్మను.

నీకు కనిపించేలా కుడివైపు కూర్చుంటాను.

చంటి